హైవే ఎక్కకుండా ఆష్‌బర్న్‌కి, ఈడిత్ గారితో

మిషిగన్‌లోని మా ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌కి విమానంలో గంటన్నర. హైవే మీద కారులో అయితే తొమ్మిది గంటలు. మాకు మూడు రోజులు పట్టింది. ఇంతకన్నా నిదానంగా వెళ్లిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కలిసి ఒక సంఘం పెట్టుకుందాం. అమెరికాలో మనవాళ్లకు లేని సంఘం బహుశా అదొక్కటే.

నాకు అరవై రెండేళ్లు. ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లయింది. లైసెన్సుంది, గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ, లైబ్రరీకీ నా అంతట నేనే వెళ్లొస్తాను. హైవే మాత్రం ఎక్కను. మా ఇంట్లో హైవే ఆయన శాఖ, వంట నా శాఖ. నాలుగేళ్ల కిందట ఆయన పోయారు. అప్పటి నుంచి ఆ శాఖకు మంత్రి లేడు.

మా అమ్మాయి శిరీష ఆష్‌బర్న్‌లో ఉంటుంది. ఇల్లు అమ్మేసి తమ దగ్గరికి వచ్చేయమని ఏడాదిగా పోరుతోంది. నాకోసం ఇంటి కిందున్న బేస్‌మెంట్ బాగుచేయించింది. ఇల్లు అమ్మకానికి పెట్టే కాగితాలు పంపింది. నేను పొరపాటు పడకుండా, సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా పసుపుపచ్చ చీటీ అంటించి ఉంది. విమానం టికెట్ కూడా కొంది, వెళ్లడానికి మాత్రమే. పెన్ను మూత తీసి, కాసేపు కూర్చుని, మళ్లీ మూత పెట్టేశాను. అక్కడికి వెళ్లాక పెడదాంలే అని కాగితాలు హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను.

వెళ్తున్నానని చెప్పడానికి, ఆ టికెట్ చేత్తో పట్టుకుని పక్కింటి ఈడిత్ గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఇంగ్లీషావిడ, అంటే ఇంగ్లాండు మనిషి. తొంభై రెండేళ్లు. ఇరవై నాలుగో యేట ఒక్క పెట్టెతో, ఒంటరిగా ఓడెక్కి డెట్రాయిట్ వచ్చింది. కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్ల పరిచయంలో నన్ను ఒక్క సొంత ప్రశ్న అడిగిన మనిషి కాదు. మనవాళ్లు లిఫ్టులో అడిగేవి ఆవిడ జీవితకాలంలో అడగదు.

నా సంగతి విని, "నాకూ వర్జీనియా వైపు పనుంది" అంది. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషువే, నేను తెలుగులో చెబుతున్నాను. "వించెస్టర్‌లో జోన్ అని నా స్నేహితురాలు. ఓడలో ఒకే గదిలో వచ్చాం. విమానంలో నా మోకాళ్లు పట్టవు. నా కారులో వెళదాం, నువ్వు నడుపు."

కళ్లు సరిగ్గా కనబడటం లేదని నిరుడు ఆవిడే తన లైసెన్సు వదులుకుంది. కాబట్టి ఆవిడకు కారుంది, లైసెన్సు లేదు. నాకు లైసెన్సుంది, ధైర్యం లేదు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు.

శిరీష ఫోన్‌లో గగ్గోలు పెట్టింది. "మమ్మీ, ఆర్ యూ సీరియస్? నైంటీ టూ ఇయర్స్ ఆవిడని పక్కన పెట్టుకుని హైవే మీద డ్రైవ్ చేస్తావా?"

"హైవే ఎక్కం."

"హైవే ఎక్కకుండా ఎలా వస్తారు?"

"అది వేయకముందు జనం ఎలా వచ్చేవాళ్లో అలాగే."

టొలీడో దగ్గర పది నిమిషాలు

మంగళవారం పొద్దున బయల్దేరాం. నా వైపు సామాను: పులిహోర, పెరుగన్నం, చెక్కలు, కారప్పూస, కొత్తావకాయ సీసా, గోంగూర సీసా, అరటిపళ్లు. ఇద్దరం ఆడవాళ్లం, మూడు రోజులు; డిక్కీ చూస్తే మగపెళ్లివారు దిగుతున్నట్టుంది. ఆవిడ వైపు సామాను: నాలుగు శాండ్‌విచ్‌లు, ఒక గొడుగు, ఒక కరెంటు కెటిల్. అమెరికాలో టీకి నీళ్లు మరిగించరని ఆవిడ కంప్లయింటు. దాదాపు డెబ్బై ఏళ్లుగా అదే కంప్లయింటు. ఇక్కడి కాఫీ గురించి ముప్పై ఏళ్లుగా ఏడుస్తున్న నేను ఆవిడ ముందు పసిపిల్లను.

ఫోన్‌లో దారి చెప్పే అమ్మాయికి మా పద్ధతి బొత్తిగా నచ్చలేదు. ప్రతి ఐదు నిమిషాలకూ హైవే ఎక్కమంటుంది. టొలీడో దగ్గర ఏమరుపాటున దాని మాట విన్నాను. రోడ్డు వంపు తిరిగి పైకెక్కింది, ఎడమ పక్క లారీలు హోరుమంటూ పోతున్నాయి. నా కాళ్లు నా మాట వినడం మానేశాయి. కారును రోడ్డు పక్కకు తీసి ఆపేసి, స్టీరింగ్ పట్టుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టాను. సగంలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.

ఈడిత్ గారు కెటిల్ జారకుండా పట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఒక పోలీసాయన వచ్చి అద్దం మీద తట్టాడు. లైసెన్సు చూశాడు. లోపలికి వంగి, "ఈవిడ మీ అమ్మగారా?" అన్నాడు.

"నేను నావిగేటర్‌ని" అంది ఈడిత్ గారు.

పాపం మంచివాడు. తన కారు లైట్లు వెలిగించుకుని ముందు పోతూ, తర్వాతి ఎగ్జిట్ దాకా ఊరేగింపుగా తీసుకెళ్లి దింపాడు. చెక్కలు ఇస్తే డ్యూటీలో తీసుకోనన్నాడు. ఇక హైవే జోలికి పోనని మళ్లీ ఒట్టు పెట్టుకున్నాను.

వూస్టర్: ఊరగాయల రాయబారం

ఒహాయోలో చిన్న రోడ్లన్నీ మొక్కజొన్న చేల మధ్య నుంచే పోతాయి. వూస్టర్ దాటాక గుర్రపు బళ్లు కనిపించాయి. అవి ఆమిష్ వాళ్లవి. కరెంటు, కారు వద్దనుకుని పాత పద్ధతిలో బతికే క్రైస్తవులు వీళ్లు. అమెరికా వచ్చిన ముప్పై ఏళ్లకు మొదటిసారి రోడ్డు మీద నేనొకరిని దాటి ముందుకెళ్లాను. అది గుర్రమే కావచ్చు, నాకు మాత్రం గొప్పగానే ఉంది.

ఒక ఇంటి ముందు బల్ల మీద ఊరగాయ సీసాలు పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. నెత్తిన తెల్లటి టోపీ, మోకాళ్ల కిందికి దిగిన గౌను. బీట్‌రూట్ ఊరగాయ, సీసా ఏడు డాలర్లు. రుచి చూస్తే చక్కెర పాకంలో మునిగి తేలిన దుంప. ఊరగాయ అన్న మాటకు ఇంత అవమానం భరించలేక, నా ఆవకాయ సీసా తెచ్చి ఆవిడ రొట్టె ముక్క మీద కాస్త నూనె రాశాను. ఆవిడ తిని, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చెంపల మీద నీళ్లు కారాయి.

"ఇది ఏ జబ్బుకి?" అని అడిగింది చివరికి.

టోపీ గురించి నేనడిగాను. పెళ్లయిన ఆడవాళ్లకు తెల్లది, ఆదివారం ప్రార్థనకు పెళ్లికాని పిల్లలు నల్లది పెట్టుకుంటారట. మనకు బొట్టూ మెట్టెలూ ఉన్నట్టే. ఎక్కడికెళ్లినా ఆడదాని లెక్క నెత్తి మీదో నుదుటి మీదో రాసి ఉండాల్సిందే.

"అయితే నాది నల్లదే. ఈపాటికి వెలిసి తెల్లబడి ఉండేది" అంది ఈడిత్ గారు.

ఆమిష్ ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నట్టు ఆప్రాన్ అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక బీట్‌రూట్ సీసాకు ఒక గోంగూర సీసా మార్చుకుని వచ్చేశాం.

యూనియన్‌టౌన్: మగవాడి సంతకం

బుధవారమంతా పెన్సిల్వేనియా కొండల్లో పాత రోడ్డు మీద సాగింది. సాయంత్రం యూనియన్‌టౌన్‌లో ఒక చిన్న హోటల్లో పిరోగీ అనే వంటకం తిన్నాం. చూడటానికి అచ్చం కజ్జికాయ. లోపల కొబ్బరి ఉంటుందని ఆశపడి కొరికితే ఆలుగడ్డ ముద్ద. పన్నెండు డాలర్లకు ఎనిమిది. వడ్డించే అమ్మాయి నన్ను హనీ అంది, ఈడిత్ గారిని డార్లింగ్ అంది. ఈడిత్ గారు ఆ మాటను టీలో పడ్డ ఈగను చూసినట్టు చూసింది.

అక్కడ కూర్చునే నా బ్యాగులో కాగితాల సంగతి చెప్పాను. "అమ్మేయాలని ఉందో లేదో నాకే తెలియడం లేదు" అన్నాను. ఆవిడ సలహా ఇస్తుందని ఎదురుచూశాను. మనవాళ్లయితే ఈపాటికి మూడు సలహాలు, ఒక రియల్టర్ నంబరు ఇచ్చేవాళ్లు. ఆవిడ పిరోగీ కోసుకుంటూ తన ఇల్లు కొన్న కథ చెప్పింది.

ఇంగ్లాండులో వాళ్ల నాన్న పెళ్లయ్యేదాకా విడిగా గది తీసుకోనివ్వలేదట. ఉత్తరాలొస్తే అన్న విప్పి చదివేవాడట. డెట్రాయిట్‌కి వచ్చి కొన్నేళ్లు కూడబెట్టి ఇల్లు కొనబోతే, ఒంటరి ఆడదానికి అప్పు ఇవ్వం, మగవాడి సంతకం కావాలన్నాడట బ్యాంకు మేనేజరు.

"మరేం చేశారు?"

"మా ఆఫీసులో నేల తుడిచే పెద్దాయన్ని తీసుకెళ్లాను. ఆయనకు నాకన్నా సగం జీతం. అయినా మగవాడే కదా. సంతకం పెట్టాడు, ఇల్లు వచ్చింది. ప్రతి క్రిస్మస్‌కీ కేకు పంపేదాన్ని."

"ఎవరూ పెళ్లి చేసుకుంటాననలేదా?" నోరు జారి అడిగేశాను. ముప్పై ఏళ్లు ఆపుకున్న ప్రశ్న.

"ఇద్దరు అన్నారు. ఒకతను మంచివాడే. ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేవాడు. జీవితమంతా వినగలనా అని ఆలోచించాను."

అంతే, ఆ విషయం అక్కడితో ముగిసింది. మా ఆయన గురక ముప్పై నాలుగేళ్లు విన్నాను. వినగలవా అని నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు ఆ గురక లేక నిద్రపట్టదు, అది వేరే సంగతి.

వించెస్టర్: జోన్ గారిల్లు

గురువారం మధ్యాహ్నం వించెస్టర్ చేరాం. యాపిల్ తోటల ఊరు. ఒక చెట్టు కింద కారు ఆపి, జోన్ గారి వీధి పేరు చెప్పమన్నాను. ఈడిత్ గారు కమలాపండు ఒలుస్తోంది.

"జోన్ పోయి పదకొండేళ్లయింది."

నా గొంతు కాస్త గట్టిగానే లేచింది. "మరి ఎందుకొచ్చాం? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, పోలీసును వెంటబెట్టుకుని, మూడు రోజులు నడిపించారే నాతో!"

"దారంతా బాగుంది కదా" అని సగం కమలాపండు నా చేతిలో పెట్టింది. "తినేసి బయల్దేరదాం. మీ అమ్మాయి ఎదురుచూస్తుంటుంది."

ఈవిడకు చాదస్తం మొదలైందని నాకప్పుడు భయం వేసింది.

ఆష్‌బర్న్: కన్యకు తాంబూలం

ఆష్‌బర్న్‌లో కిటికీలు లేని పెద్ద పెద్ద గోడౌన్ల వంటి భవనాలు వరసగా ఉంటాయి. ప్రపంచంలోని ఇంటర్నెట్ సగం వాటిలోంచే పోతుందని మా అల్లుడు ప్రతిసారీ గర్వంగా చెబుతాడు. వాటి మధ్య ఖాళీ ఉన్నచోటల్లా తెలుగువాళ్లున్నారు.

శుక్రవారం శిరీష స్నేహితురాలి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఈడిత్ గారిని కూడా తీసుకురమ్మన్నారు. హాల్లో మగవాళ్లు ఆవిడ చుట్టూ చేరారు. అక్కడున్న సగం మంది గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్లే. ఆ ఊళ్లో పలకరింపు కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

"మేడమ్ మీది సిటిజన్‌షిప్పేనా?" అని ఒకాయన అడిగాడు.

"లేదు, గ్రీన్‌కార్డే. వచ్చినప్పటి నుంచీ అదే."

"ఎన్నాళ్లు వెయిట్ చేశారు?"

ఈడిత్ గారు ఆలోచించింది. "ఒక మధ్యాహ్నం. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమన్నారు, అందుకని కాస్త ఆలస్యమైంది."

పన్నెండేళ్లుగా వెయిట్ చేస్తున్న ఒకాయన మెల్లగా సోఫాలో కూర్చున్నాడు.

"మరి సిటిజన్‌షిప్‌కి అప్లై చేయలేదేం?" అని నీరసంగా అడిగాడు.

"అవసరం రాలేదు" అంది ఈడిత్ గారు. ఎవరో ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

ఇటు ఆడవాళ్ల వైపు ఇంకో చిక్కు వచ్చింది. స్నేహితురాలు కుంకుమభరిణె, తాంబూలం సంచులు పట్టుకుని వరసగా బొట్టు పెడుతూ వస్తోంది. నా ముందుకు వచ్చి ఆగింది. చెయ్యి పైకి లేచింది. వెనక నుంచి ఆమె అత్తగారు సుభద్రమ్మ చిన్నగా దగ్గింది. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు, భర్త పోయినవాళ్లకు పేరంటంలో బొట్టు ఉండదు. నేను కుంకుమ మాని సన్నటి స్టిక్కరు పెట్టుకుంటాను, అది నేనూ లోకమూ కలిసి కుదుర్చుకున్న రాజీ. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "సారీ ఆంటీ, మీరు భోజనం చేయండి" అని పక్కకు జరిగింది.

నా పక్కన, హాల్లోంచి వచ్చి కూర్చున్న ఈడిత్ గారు. ఆ అమ్మాయి మళ్లీ ఆగింది. "అత్తయ్యా, ఈవిడకి పెట్టొచ్చా?"

సుభద్రమ్మ గారు ఈడిత్ గారిని తలనుంచి కాళ్లదాకా చూసింది. "పెళ్లయిందంటనా?"

"అవ్వలేదంట."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

"అయితే కన్యే కదమ్మా. కన్యకి పెట్టొచ్చు, ఇంకా మంచిది."

అలా తొంభై రెండేళ్ల కన్య నుదుట కుంకుమ పడింది. సంచి ఒళ్లోకి వచ్చింది. అందులో కొబ్బరికాయ, జాకెట్టు ముక్క, అరటిపళ్లు, తమలపాకులు, కుంకుమ పొట్లం. ఉపవాసాలు, నోములు, ముప్పై నాలుగేళ్ల కాపురం, ఆసుపత్రి కుర్చీలో మూడు నెలలు, అన్నీ చేసిన నాకు పులిహోర ఒక్కటే దక్కింది. నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. బాత్రూంలోకి వెళ్లి రెండూ కానిచ్చి వచ్చాను.

కారులో ఈడిత్ గారు అడిగింది, ముప్పై ఏళ్లలో మొదటి సొంత ప్రశ్న. "నీకెందుకు ఇవ్వలేదు?"

చెప్పాను. ఆవిడ విని, సంచి తన కాళ్ల దగ్గర జాగ్రత్తగా పెట్టుకుంది.

బేస్‌మెంట్

అబద్ధం ఎందుకు, బేస్‌మెంట్ బాగుంది. మా శిరీష దేవుడి అర పెట్టించింది, చిన్న స్టవ్ పెట్టించింది, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించింది. కిటికీ మాత్రం పైకప్పుకు ఆనుకుని జానెడు ఉంది. శనివారం పొద్దున మంచం మీంచి చూస్తే గడ్డి మొదళ్లూ, పక్కింటి కుక్క కాళ్లూ కనిపించాయి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా వంటగది కిటికీలోంచి పొద్దున ఎండ నేరుగా స్టవ్ మీద పడుతుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఈడిత్ గారు రెండు కప్పులతో ఒక్కో మెట్టే దిగి వచ్చింది. మంచం చివర కూర్చుని చుట్టూ చూసింది.

"జోన్ లేదని తెలిసి నన్నెందుకు తీసుకొచ్చారు?" అన్నాను.

"నేను ఇంగ్లాండు వదిలినప్పుడు మా నాన్న వెళ్లడానికే టికెట్ కొన్నాడు. తిరిగి వస్తానంటే డబ్బు పంపనని అర్థం. నేను రావాలనుకోలేదు కాబట్టి సరిపోయింది. నీ టికెట్ చూశాను. నువ్వు ఏమనుకుంటావో నాకు తెలియదు, అది నీ ఇష్టం. కానీ వాకిట్లో ఒక కారు ఉంటే మంచిది కదా అనిపించింది." టీ తాగింది. "కారుతోపాటు నన్ను కూడా ఎవరో ఒకరు ఇంటికి చేర్చాలి మరి."

కాగితాలు తీసుకుని పైకి వెళ్లాను.

శిరీష వంటగదిలో ఉంది. తొమ్మిదేళ్ల మనవరాలు అనన్య సీరియల్ తింటోంది. కాగితాలు బల్ల మీద పెట్టాను. శిరీష పేజీలు తిప్పి చూసింది.

"సైన్ చేయలేదేంటి మమ్మీ?"

"నాకు నా ఇల్లు కావాలమ్మా. ఇది చాలా బాగుంది. కానీ ఇది నీ ఇల్లు."

"అక్కడ నీకు ఎవరున్నారు? ఏమన్నా అయితే నాకు ఎవరు ఫోన్ చేస్తారు? నాన్న ఉన్నన్నాళ్లూ వేరు. హైవే కూడా ఎక్కలేవు నువ్వు, ఒక్కదానివే ఎలా ఉంటావు?" దానికి కళ్లనీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి. అది కోపంతో అనలేదు, భయంతో అంది. నాకూ అదే భయం, అందుకే సూటిగా తగిలింది.

"అమ్మమ్మ, నువ్ గోయింగ్ బ్యాకా? కార్‌లో? కూల్!" అంది అనన్య.

"హైవే మీద వెళ్తాను" అన్నాను.

నేనే అన్నానా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను. శిరీష నన్నే చూస్తోంది. కళ్లు తుడుచుకుని, "ప్రతి రెస్ట్ ఏరియా దగ్గరా ఫోన్ చేయి. ప్రామిస్ చేయి" అంది.

ఫ్రెడెరిక్ దగ్గర కొబ్బరికాయ

ఆదివారం తిరుగు ప్రయాణంలో, ఫ్రెడెరిక్ ఊరి చివర, హైవే ఎక్కే మలుపుకు ముందు ఒక పెట్రోలు బంకుంది. అక్కడ ఆపాను. మనవాళ్లు కొత్త కారు కొంటే ముందు గుడికి తీసుకెళ్లి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఈ కారు పాతదే. డ్రైవరే కొత్త.

"ఈడిత్ గారూ, మీ సంచి ఒకసారి ఇస్తారా?"

కన్యకు దక్కిన కొబ్బరికాయ బంకు గట్టు మీద కొట్టాను. మూడో దెబ్బకు పగిలింది. నిమ్మకాయలు లేవు; లోపల టీ కౌంటరు దగ్గర నిమ్మరసం పొట్లాలుంటే నాలుగు తెచ్చి నాలుగు టైర్ల ముందు పెట్టాను. పెట్రోలు పోసుకుంటున్న ఒకాయన పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుంకుమ పొట్లం విప్పి కారు ముందు మూడు బొట్లు పెట్టాను.

"కారుకి పెట్టావు. మరి నీకు?" అంది ఈడిత్ గారు.

"నేను పెట్టుకోకూడదు. చెప్పానుగా, మొన్న ఆవిడ దగ్గింది కూడా."

"ఇప్పుడు ఆవిడ నడుపుతోందా?"

నేను జవాబు చెప్పేలోపే పొట్లంలో వేలు ముంచింది. కళ్లు సరిగ్గా కనబడవు కదా. నుదుటి మధ్య పడాల్సిన బొట్టు జారి ఎడమ కనుబొమ్మ మీద పడింది, కాస్త కుంకుమ ముక్కు మీద రాలింది. నా స్టిక్కరు తీసి కారు అద్దం అంచున అంటించాను, ఇంట్లో బాత్రూం అద్దానికి అంటించినట్టే.

కారు కదిలింది. నాలుగు పొట్లాలూ పటపటమని పేలాయి. రోడ్డు వంపు తిరిగి పైకెక్కింది. బొట్టు సర్దుకుందామని అద్దంలోకి తల ఎత్తాను. వెనక ఒక పెద్ద లారీ వస్తోంది. బొట్టు సంగతి వదిలేసి లారీ వంకే చూశాను, సిగ్నల్ వేశాను, ఎక్కేశాను.